పిల్ల పడుకుంటేనే పడుకోవాలి

తెలివంటే గవరయ్య ఇంట్లోదే. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు. గవరయ్యే అనేవాడు, వాళ్ళమ్మ పైడమ్మ అనేది, పెళ్ళాం తవిటమ్మ కాపరానికొచ్చిన మర్నాటి నుంచే అనడం మొదలుపెట్టింది. "మనకి ఒక్కసారి చెబితే చాలు, చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అని ముగ్గురూ తెగ మురిసిపోయేవారు.

అలాంటి ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. బూరెల్లాంటి బుగ్గలు, బోసినవ్వులు, అన్నీ బాగానే ఉన్నాయి. నిద్ర మాత్రం పోదు. తవిటమ్మ కూరలో ఉప్పుకి బదులు ముగ్గుపిండి వేసేదాకా వచ్చింది వ్యవహారం. ఒక్కసారి కంటినిండా నిద్రపోతే చాలు, ఇంకేమీ అడగను దేవుడా అనుకునేది పాపం.

పక్కింటి సూరమ్మ గంపెడు పిల్లల్ని పెంచిన మనిషి. చూసి జాలిపడింది. "బెంగపడకే పిల్లా. నా పెద్దాడూ నన్నిలాగే కాల్చుకుతిన్నాడు. ఇప్పుడు వాణ్ణి లేపాలంటే ఇంటిల్లిపాదీ కావాలి. ఈ రోజులూ గడిచిపోతాయి. ఇంట్లో చీమ చిటుక్కుమనకుండా చూసుకో. పిల్ల పడుకున్నప్పుడే నువ్వూ పడుకో" అని చెప్పి వెళ్ళింది.

అంతే. గవరయ్య చీమల మీద పడ్డాడు. చప్పుడు చెయ్యొద్దని బతిమాలాడు. నోట్లో బెల్లం ఉంటే ఊరుకుంటాయని గోడవారనంతా బెల్లం చల్లాడు. ఇంకేముంది, ఊళ్ళో చీమలన్నీ చుట్టాల్లా దిగాయి. ఒకటి గవరయ్య మడమ పట్టుకుంది. అతను పెట్టిన కేకకి అప్పుడే రెప్ప వాలుస్తున్న పిల్ల మళ్ళీ కళ్ళు విప్పింది.

పైడమ్మ ఇంకా తెలివైంది. "నిద్ర కావలసింది కోడలికైతే ఉయ్యాల్లో పిల్లని వేస్తారేంట్రా?" అని తవిటమ్మని చీర ఉయ్యాలలో కూర్చోబెట్టి ఊపింది. చీర పర్రున చిరిగింది. కింద చాప మీద ఉన్న పిల్ల పగలబడి నవ్వింది.

తవిటమ్మ నడుం పట్టుకుని గోడకి జారబడింది. కళ్ళు మూతలు పడ్డాయి. గవరయ్య చెంబుడు నీళ్ళు మొహాన కొట్టాడు.

"తప్పు తవిటీ, పిల్ల ఇంకా పడుకోలేదు."

"అవునయ్యా, మర్చేపోయాను" అని తవిటమ్మ సిగ్గుపడింది.

మధ్యాహ్నం అన్నం వార్చి, వార్చినచోటే ఒరిగి నిద్రపోయింది. సరిగ్గా అప్పుడే పిల్లా నిద్రపోయింది. పైడమ్మ కొడుకుని పిలిచింది.

"ఒరే, పిల్ల పడుకుంది. ఆ సంగతి తెలీక కోడలు అక్కడ ఊరికే నిద్రపోతోంది. లేపి చెప్పు, పడుకుంటుంది."

గవరయ్య పిలిచాడు, కుదిపాడు. ఆవిడ కదల్లేదు. ఇత్తడి పళ్ళెం తెచ్చి గరిటెతో చెవి దగ్గర వాయించాడు. తవిటమ్మ లేచింది. పిల్లా లేచింది.

తవిటమ్మకి ఏడుపు ఆగలేదు. "కాస్త ముందు లేపి ఉంటే ఈపాటికి పడుకునేదాన్ని కదయ్యా."

ముగ్గురూ పిల్ల చుట్టూ కూర్చుని జోకొట్టారు. మొదట పైడమ్మ గురకపెట్టింది. తర్వాత గవరయ్య ఒరిగాడు. ఆఖరికి పిల్లా పడుకుంది. తవిటమ్మ ప్రాణం లేచొచ్చింది. గబగబా చాప పరుచుకుని కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది. పిల్ల పడుకుందని తనకెవరూ చెప్పలేదే. చెప్పకుండా పడుకుంటే తప్పు కదా. మొగుణ్ణి మెల్లగా పిలిచింది. పలకలేదు.

"పిల్ల పడుకుందని ఒక్క మాట చెప్పయ్యా, నేనూ పడుకుంటాను" అంటూ తవిటమ్మ లేచి, పళ్ళెమూ గరిటే అందుకుంది.