జాడీ వెనక చీటీ

ఖలందర్‌కు మూడు రోజులుగా అన్నం సహించడం లేదు.

అన్న దస్తగిరికి ప్రొస్టేట్ క్యాన్సర్ అని కర్నూలు డాక్టర్లు తేల్చారు. ఇప్పటికింకా గ్రంథి దాటలేదు, దాటితే ఎముకల్లోకి పాకుతుంది, సోమవారమే వచ్చి చేరమని గట్టిగా చెప్పి పంపారు.

దస్తగిరి బేతంచెర్లలో నాపరాళ్లు కోసి బతికినవాడు. రాయికి ఏనాడూ భయపడలేదు గాని, ఆసుపత్రి పేరెత్తితే వణికిపోతాడు.

"హకీం దగ్గర పదేళ్లు మందులు నూరినవాడివి. నువ్వుండగా నాకు కర్నూలెందుకురా?" అన్నాడు తమ్ముడితో.

ఖలందర్ కాదనలేకపోయాడు. అందుకు జాలి సగం కారణం, గర్వం సగం. ఎర్రమల కొండల్లో తాను తవ్వి తెచ్చే ఒక వేరులోని పదార్థం ఈ క్యాన్సర్‌ను పాకనివ్వకుండా ఆపిందని పేపర్లో పడింది. ఆ వేరు పేరు ఇక్కడ అనవసరం. చెబితే రేపే పలుగు పట్టుకొని బయల్దేరేవాళ్లుంటారు.

"కర్నూలు వద్దులే అన్నా. నేను ఆపుతాను," అని మాటిచ్చేశాడు.

ఆదివారం పొద్దున దస్తగిరి మంచం మీంచి లేస్తూ నడుము పట్టుకున్నాడు. "పక్క సరిగ్గా కుదర్లేదులేరా," అని నవ్వాడు. ఖలందర్‌కు నవ్వు రాలేదు. ఎముకల గురించి డాక్టర్లన్న మాట గుర్తొచ్చింది. గబగబా కషాయం కాచి, జాడీలో పోసుకొని, గురువైన హకీం గఫార్ సాహెబ్ దవాఖానాకు పరుగెత్తాడు.

ఆ దవాఖానాలో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి జాడీకి రెండు చీటీలు. ముందు చీటీ మీద ఆ మందుతో నయమైనవాళ్ల పేర్లు. వెనక చీటీ మీద ఆ మందు తాగినా దక్కనివాళ్ల పేర్లు. ఏ రోగి అయినా జాడీ తిప్పి చూసుకోవచ్చు. ఒక్క పేరు దాచినవాడికి కూడా ఆ గడపలో చోటు లేదు.

గఫార్ సాహెబ్ అంతా విన్నాడు.

"పూటకు ఎంత ఇమ్మంటారు ఉస్తాద్?" అని అడిగాడు ఖలందర్.

ఆయన జాడీకి ముందొకటి, వెనకొకటి తెల్ల చీటీలు అతికించి, సిరా కలం శిష్యుడి చేతికిచ్చాడు.

"ముందు చీటీ రాయి."

"ఎవరి పేరు?"

"ఈ మందుతో ఈ రోగం ఆగిన మనిషి పేరు."

"పేపర్లో పేరేమీ లేదు ఉస్తాద్. ఏదో కాలేజీలో గాజు గిన్నెలో కణాల మీద చూశారట."

"అయితే గాజు గిన్నె అని రాయి."

రాశాడు.

"ఆ గిన్నెకు నడుముందా?"

"లేదు ఉస్తాద్."

"పెళ్లాం బిడ్డలు?"

"లేరు."

"ఆ చదువుకున్నవాళ్లను నేను తప్పుపట్టను. గిన్నెలో చూసింది గిన్నెలో చూశామనే చెప్పారు. మీ అన్నకు మాటిచ్చింది వాళ్లు కాదు."

ఆయన జాడీని మెల్లగా వెనక్కి తిప్పాడు.

"ఇప్పుడిది రాయి."

"నేనింకా ఎవరికీ ఇవ్వలేదు ఉస్తాద్!"

"ఇవ్వబోతున్నావుగా. ఎవరి పేరుకు చోటు వదలాలో చూసుకో."

ఖలందర్ కలం ఆనించాడు. 'ద' అన్న ఒక్క అక్షరం పడింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. కలం మొన కింద సిరా చుక్క కాగితంలోకి పాకుతోంది. కలం ఎత్తాలని కూడా తోచక, అతను దాన్నే చూస్తూ నిలబడ్డాడు. అది అక్షరాన్ని మింగి, చీటీ అంచు దాకా వెళ్లింది.

ఖలందర్ కలం కింద పెట్టాడు.

"కర్నూలుకు రేపు మొదటి బస్సు ఎన్నింటికి ఉస్తాద్?"

"ఐదున్నరకు."

ఖలందర్ జాడీ అక్కడే వదిలి గడప దాటబోయాడు. గఫార్ సాహెబ్ వెనక నుంచి పిలిచాడు.

"బేటా, మీ అన్న పక్కనే కూర్చో. దిగేదాకా చెయ్యి వదలొద్దు. వాడి భయానికి మాత్రం నీ దగ్గర మందుంది."