నల్లపిక్క ఎవరాడాలి?

అనగనగా ఒక ఊళ్ళో, కొండ పక్కన, కూలిపోయిన కోట ఒకటుండేదే అమ్మలూ. ఎప్పుడో తాతల కాలంలో శత్రువులు ఆ కోటలో జొరబడ్డారట. కోట తలుపు తీసిందెవరంటే, కాపలా సిమ్మన్న అన్నారు. ఒక్కడే తీశాడన్నారు. చూసినవాడు లేడు, అడిగినవాడూ లేడు.

ఆ తర్వాత ఆ కథని ఆట చేసేశారు. కోటగుమ్మం దగ్గర బండమీద గళ్ళు చెక్కారు. ఏటా కోట పడిన రోజున అక్కడే కూర్చుని గవ్వలు వేసేవారు. తెల్లరాళ్ళు రాజుగారి బంట్లు. నల్ల చింతపిక్కేమో సిమ్మన్న. పిక్క పట్టుబడ్డప్పుడల్లా అందరూ "ద్రోహీ" అని దానిమీద ఉమ్మాలి. మరి ఆ పిక్క ఎవరాడాలి? సిమ్మన్న వంశంవాళ్ళే ఆడాలిట! చెప్తుంటే నాకే ఒళ్ళు మండుతోంది.

ఆ ఇంట్లో నూకాలు అని, నీ ఈడు పిల్ల. ముందు వాళ్ళ తాత ఆడాడు, తర్వాత నాన్న ఆడాడు, తలవంచుకుని. ఆ ఏడు నాన్న జ్వరంతో మంచం పట్టాడు. "ఒక్క పూటే గదమ్మా, ఓర్సుకో" అని పిక్క దాని చేతిలో పెట్టాడు.

అప్పుడు నూకాలు వెళ్ళి ఆడింది. ఒకసారి పట్టుబడింది, ఉమ్మారు. రెండోసారి పట్టుబడింది, ఉమ్మారు. మూడోసారి ఉమ్మింది పిక్కమీద పడలేదు, నూకాలు చేతిమీద పడింది. అందరూ పకపకా నవ్వారు.

నూకాలు చెయ్యి తుడుచుకోలేదు. పెద్దలు కూర్చున్న దుంగ వైపు చూసింది. అది ఆ కోట తలుపులకి అడ్డంగా వేసే గడియమానే. ఇనప పట్టీలు కొట్టిన మద్దిమాను. ఏటా దానిమీద కూర్చునే ఆట చూసేవారు, చోద్యం కాకపోతే!

"లెగండి" అంది నూకాలు.

ఊరిపెద్ద అప్పలస్వామి కళ్ళెర్రజేశాడు. "ఏటే, ఎవుర్ని లెగమంతన్నావు?"

"మా సిమ్మన్న ఒక్కడే దీన్ని ఎత్తీసాడన్నారు గదా. మీలో ఒకడు ఎత్తి సూపించండి."

అప్పుడు ఊళ్ళోకెల్లా బలశాలి మీసం దువ్వుకుంటూ వచ్చాడు. మాను కదల్లేదు. ఆ తర్వాత ముగ్గురు పట్టారు. కదల్లేదు. ఆ తర్వాత పదిమంది పట్టి, రొప్పుతూ రోజుతూ, జానెడు లేపారు.

అప్పుడు నూకాలు పక్కనున్న చింతచెట్టు కింద రాలిన పిక్కలు ఏరుకొచ్చింది. సరిగ్గా తొమ్మిది. బండమీద నల్లపిక్క పక్కనే వరసగా పెట్టింది.

"మావోడు తీసాడో లేదో నాకు తెల్దు. తీస్తే ఇంకా తొమ్మిదిమంది ఉండాలి. ఈ తొమ్మిదీ ఏ ఇంటోళ్ళు ఆడతారు? రండి, నేనూ ఉమ్ముతాను."

ఒక్కడూ చెయ్యి చాపలేదు. ఆ ఆట అక్కడే ఆగింది, మళ్ళీ ఎవరూ గవ్వ వెయ్యలేదు. కానీ "తప్పయింది తల్లీ" అని మాత్రం ఒక్కడూ అనలేదు. ఇన్నేళ్ళయినా నాకు అదే కోపం.

సరే, కళ్ళు మూసుకో ఇంక.

కథేమో కంచికి, నువ్వేమో మంచానికి,
ఆ తొమ్మిది పిక్కలూ తొమ్మిది గడపలకి!