కింద పడని తలకట్టు

అక్షరాలు గీసే సాఫ్ట్‌వేర్ ఏది కొనాలో తేల్చుకోలేక పదకొండు రోజులు పాడు చేసుకున్నాను. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

నాకొచ్చిన మొదటి ఆర్డర్ అది. మా తెనాలిలోనే జయప్రదమ్మగారని ఒక పెద్దావిడ, మనవరాలి ఉయ్యాల వేడుకకి పాప పేరు రంగు అట్టలో కోసిమ్మన్నారు. వెనక ఇంకే అట్టా ఉండకూడదు. పేరు దారానికి వేలాడాలి, ఉయ్యాల్లోంచి పాప దాన్ని చూడాలి. పేరు సహస్ర. వేడుక ఆదివారం.

కంప్యూటర్‌లో అక్షరాలు ముచ్చటగానే వచ్చేవి. ప్రింట్ తీసి కోయగానే స మీది తలకట్టు ఒక ముక్క, హ మీదిది ఇంకో ముక్క, చివరి అక్షరం మీదిది వేరే ముక్క, అడుగున రావత్తు మరో ముక్క. జిగురుతో అతికించాను. ఫ్యాను వేస్తే ఒకటి రాలింది. అదే పాప నోట్లో పడితే?

తప్పు సాఫ్ట్‌వేర్‌దే అనుకున్నాను. ఇంకోటి దింపుకున్నాను. తర్వాత మరోటి. ఏడింటికీ నోట్‌బుక్‌లో పట్టిక గీసి, నచ్చినదాన్ని బట్టి చుక్కలు వేశాను. మూడు అట్టలు చెడిపోయాయి.

గురువారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్, నోట్‌బుక్ పట్టుకుని ఖాదర్ వలీ మాస్టారి కొట్టుకి వెళ్లాను. నలభై ఏళ్లుగా ఊళ్లో సైన్‌బోర్డులు రాసిన మనిషి. నేను అంతా వీడియోలు చూసి నేర్చుకున్నదాన్ని, గురువెందుకులే అనుకున్నదాన్ని. ఈమధ్యే, ఆయన రాసిన ఒక మందులషాపు బోర్డు కింద అరగంట నిలబడిపోయాక, ఆయన దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను.

పేరు సంగతంతా విని, ఏడూ చూపించమన్నారు. కళ్లజోడు సవరించుకుని శ్రద్ధగా చూశారు. గీసింది ఒక్క నొక్కుతో వెనక్కి పోవడం చూసి, ఇది ముందే వచ్చుంటే తనకి సగం తిట్లు తప్పేవని నవ్వారు.

"ఏడు సంబంధాలు చూశావన్నమాట. ఒక్కడితోనైనా కుదురుగా మాట్లాడావా తల్లీ?"

"ఆదివారం దగ్గరికొచ్చేసింది మాస్టారూ. ఏది కొనమంటారో చెప్పండి."

"ఆ నోట్‌బుక్ ఇటివ్వు."

చదువుతారనుకున్నాను. పట్టిక ఉన్న కాగితం చింపేశారు. నేను నోరు తెరిచేలోపు బ్లేడు తీశారు.

పెన్సిల్ గీత కూడా పెట్టుకోలేదు. బ్లేడు పట్టిన చెయ్యి దాదాపు కదల్లేదు. ఎడమచేత్తో కాగితాన్నే తిప్పారు, నిద్రపోతున్న పసిబిడ్డని పక్కకి తిప్పినట్టు. ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయాను. స గుండ్రంగా తేలింది. తలకట్టు దగ్గర ఆయన తొందరపడలేదు. దాని కాలు కిందికి దించి స భుజం మీద ఆనించారు. తోక పొడుగు చేసి హ తల మీద పెట్టారు. హ తలకట్టు వెళ్లి మూడో అక్షరాన్ని అందుకుంది. ఆ అక్షరం తలకట్టూ కిందికి దిగి ఆనింది. అడుగునున్న రావత్తు పైకి లేచి, మీది అక్షరాన్ని పట్టుకుంది.

పేరు మొత్తాన్ని ఒక్క కొసతో, రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఫ్యాను కింద ఎత్తారు. ఊగింది. ఏదీ రాలలేదు. అక్షరాల ఒంటి నిండా నేను వేసిన చుక్కలు.

"ఇప్పుడడుగు, ఏది కొనాలో."

ల్యాప్‌టాప్ తెరిచాను. అన్నిటికంటే తక్కువ చుక్కలు వేసిందే ముందు కనిపించింది. అందులోనే స పెట్టి, తలకట్టుని పట్టుకుని కిందికి లాగాను. ఇంకొంచెం లాగాను.

మాస్టారు తెర వైపు చూడలేదు. బ్లేడు తుడుచుకుంటూ అడిగారు.

"ఆనిందా?"

"ఆనింది మాస్టారూ."