గంతులోడిని కొయ్యకుండా ముడేసి ఎందుకుంచారు?

ఒకప్పుడు మన ఒంట్లో ఏ జన్యువుకీ ముడి ఉండేది కాదు. అందరికంటే హాయిగా తిరిగింది గంతులోడు.

మన ఒళ్లు కణాలనే బుల్లి గదులతో కట్టిన ఇల్లు. ప్రతి గదిలో ఒక పొడుగాటి దారం ఉంటుంది. జన్యువులు ఆ దారం మీద వరసగా కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. ప్రతి దారం మీదా గంతులోళ్లు, అంటే గంతులేసే జన్యువులూ ఉంటారు. వాళ్లకు కుదురు లేదు. కాలు కాలిన పిల్లిలా ఇటు నుంచి అటు దూకుతారు. ఎక్కడ పడతారో వాళ్లకే తెలీదు!

ఒకరోజు పేగులోని ఒక గంతులోడు దూకి, సరిగ్గా చాలయ్య నెత్తిన పడ్డాడు. కణాలు పెరుగుతుంటే "ఇక చాలు!" అని ఆపే జన్యువు ఈ చాలయ్యే. పాపం, ఆయన నోరు పడిపోయింది.

ఇంకేముంది! ఒక కణం రెండయింది, రెండు నాలుగయ్యాయి, ఆపే దిక్కు లేదు. గడ్డ కట్టింది. అది పక్కవాళ్ల తిండి లాక్కుంది. ఒళ్లంతా నీరసించిపోయింది.

దారాలను చూసుకునే కొమురవ్వ దగ్గరికి కణాలు ఉరికొచ్చాయి.

"గంతులోళ్లను కోసి అవతల పారెయ్యవ్వా! ఇంకో గదిల దుంకితే మనందరం ఖతం!" అని పేగు కణం ఏడ్చింది.

"తప్పయింది అవ్వా, సూస్కోకుంట దుంకిన," అన్నాడు గంతులోడు.

అవ్వ కత్తెర తీసింది. అప్పుడు మాయ కణం అడ్డం పడింది. అమ్మ కడుపులో బిడ్డకు తిండి అందించేది మాయే.

"కొయ్యకవ్వా! ఎన్కట వీళ్ల తాత నా దారంల దుంకబట్టే, తల్లికీ బిడ్డకూ నడుమ గోడ కట్టుడు నాకొచ్చింది. వాళ్లు లేకుంటే ఒక్క బిడ్డ గూడ నిలవదు."

అవ్వ చెయ్యి ఆగింది. కళ్లు చెమర్చాయి. "నిజమే బిడ్డా. తిన్నింటి వాసాలు లెక్కపెడ్తమా?"

అవ్వకు చిటికి పని వచ్చు. పోచంపల్లిలో రంగు అంటకూడని చోట నూలును గట్టిగా కడతారు కదా, అదే. కత్తెర పక్కన పెట్టి, గంతులోళ్లు ఇక దూకకుండా అందరికీ ఒక్కొక్కటిగా ముళ్లు వేసింది. కాపలా కాసే తెల్లకణాలు గడ్డ మీద పడి దాన్ని కొరికేశాయి. ఒళ్లు తేరుకుంది.

"నీ పేరు జెప్పుకొని బతుకుత అవ్వా," అన్నాడు గంతులోడు ముడి కిందనుంచి.

అప్పటినుంచే మన కణాల్లో గంతులోళ్లు ముళ్ల కింద కదలకుండా పడుకుంటారు. ముడి వదులైతే లేచి దూకుతారు, కొన్ని క్యాన్సర్ గడ్డలకు వాళ్ల చెయ్యీ తోడవుతుంది. అమ్మ కడుపులోని మాయలో మాత్రం, ఆ గోడ కట్టే పని ఆగకూడదని, అవ్వ ఇప్పటికీ ముడి గట్టిగా బిగించదు. మీరూ నేనూ పుట్టామంటే, ఆ గంతులోడి చలవే.