ఓబులప్ప పెరట్లో చీమల బారు

అనగనగా ఒక రాజ్యం. దానికో రాజు ఉన్నాడు లెండి, ఆయనతో మనకి అట్టే పని లేదు. మన పనంతా ఆయన కచేరీలో ముద్రలు వేసే ఓబులప్పతో.

ఓబులప్ప ముద్ర పడితేనే ఏ అర్జీ అయినా చెల్లేది. ఆ కచేరీలో ఒక ఆచారం ఉండేది. ముద్ర వేసేవాడి నోరు తీపిగా ఉండాలట, లేకపోతే పని కలిసిరాదట! అందుకని వచ్చినవాళ్లు అరిసెలో, లడ్డూలో, ఏదీ లేకపోతే బెల్లం ముక్కో తెచ్చేవారు. ఒక ముద్ర, ఒక లడ్డూ. ఒక లడ్డూ, ఒక ముద్ర. పొద్దున గద్దె ఎక్కితే దీపాలవేళకే దిగడం. ఇంటికి పల్లకీ. ఏళ్లు గడిచాయి. పుల్లలా వచ్చిన ఓబులప్ప బానలా తయారయ్యాడు.

ఒకనాడు దాహం పట్టుకుంది. కూజా తాగాడు, బిందె తాగాడు, అయినా నాలుక పిడచకట్టుకుపోతోంది. పక్కనుండే గుమస్తా లింగోజీ చేతులు కట్టుకుని, "దాహమా స్వామీ? అధికారం వేడి! గొప్పవాళ్లకే పుడుతుంది" అన్నాడు. ఓబులప్ప మురిసిపోయి పానకం తెప్పించుకున్నాడు.

ఇంకొన్నాళ్లకు పాదాలు తిమ్మిరెక్కాయి. "గద్దె మీద ఉండాల్సిన కాళ్లు స్వామీ అవి. నేల తగిలినట్టు వాటికెందుకుంటుంది?" అన్నాడు లింగోజీ. అదీ నిజమే అనుకున్నాడు.

మూడోది చీమలు. ఓబులప్ప పెరట్లో ఒంటికి వెళ్లొస్తే చాలు, అక్కడికి చీమలు బారులు తీరేవి. నవ్వకండర్రా, ఉన్నమాటే చెబుతున్నా. భార్య తిప్పాంబ అది చూసి పరుగున వచ్చింది.

"ఏమండీ, వైద్యుడికి చూపించుకోండి. నాకు భయంగా ఉంది."

"పిచ్చిదానా! బెల్లం ఉన్నచోటే ఈగలు. నా పేరు చీమలదాకా పాకింది!" అని మీసం దువ్వుకున్నాడు.

ఒక పండగ ఉదయం చూస్తే ఇల్లంతా ఎర్రటి అడుగులు. "ఎవరే పారాణి ఒలకబోసింది?" అని ఓబులప్ప గావుకేకలు పెట్టాడు. తిప్పాంబ అడుగుల వెంటే వచ్చి ఆయన పీట దగ్గర ఆగింది. కాలెత్తి చూస్తే అరికాల్లో ఇంత పొడుగు తుమ్మముల్లు!

"ఎప్పుడు గుచ్చుకుందండీ?"

"ఏమోనే... నాకు తెలియలేదు."

ఆ మాట అన్నాక ఆయన తన అరికాలిని తానే గిల్లి చూసుకున్నాడు.

గడప మీద ఒక ముసలి చీమ తలెత్తి చూసింది. "అయ్యా, చక్కెర కోసం మేం ఊరంతా నడుస్తాం. నీ దగ్గరికి చక్కెరే నడిచొస్తోంది. నువ్వు కదలవు, అది కరగదు. ఒంట్లో చోటు చాలక పెరట్లోకి పొర్లుతోంది. మాకు పండగే, కాదనను. కానీ నీ తీపి తిన్నదాన్ని, నీకు ద్రోహం చెయ్యలేను. ఇలాగే కూర్చుంటే ఈ కాలు నీకు దక్కదు."

వైద్యుడొచ్చి చీమ చెప్పిందే చెప్పాడు, పైగా చేదు కషాయం పోశాడు. పుండు మానేసరికి చలికాలం వెళ్లిపోయింది. ఓబులప్ప నేరుగా రాజు దగ్గరికి పోయాడు.

"ప్రభూ, నాకీ గద్దె వద్దు. ముద్ర సంచిలో వేసుకుని ఊరూరా నేనే తిరుగుతాను."

"మరి గద్దె ఎవరికి?" అని రాజు అడిగేలోపే లింగోజీ ఎక్కి కూర్చున్నాడు! సరేలెమ్మని రాజు ఇంకో ముద్ర చేయించాడు.

మొదట్లో పొలిమేర దాటేసరికే ఓబులప్పకి ఆయాసం. ఎవరైనా అరిసెలు తెస్తే నోరూరేది పాపం. గుటక మింగి, "మీ పిల్లలకి పెట్టు నాయనా" అని ముద్ర వేసి లేచేవాడు. తీపి తినకుండా వేసిన ముద్రలకీ పనులు చక్కగానే జరిగాయి.

ఒకరోజు పొలంగట్టు మీద పల్లేరుకాయ గుచ్చుకుంది. "అబ్బా!" అని అరిచాడు. అరిచి, ఒక్కక్షణం ఆగి, కుంటుకుంటూనే ఇంటికి పరుగెత్తాడు.

"తిప్పా! నొప్పి పుట్టిందే! నా కాలికి నొప్పి పుట్టింది!"

తిప్పాంబ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రమే ముసలి చీమ గుడ్లు మోసుకుంటూ గడప దగ్గరికొచ్చింది. "వెళ్లొస్తానయ్యా. మీ పెరట్లో మాకిక బతుకుతెరువు లేదు."

"ఎక్కడికి తల్లీ?"

"ఇంకెక్కడికి? లింగోజీగారి పెరట్లోకి!"

అందుకే పెద్దలంటారు: కూర్చోబెట్టి పొగిడేవాడు చుట్టం కాదు, ముల్లు చూపించి నడిపించేవాడే చుట్టం.