మెత్తడిప్ప తాబేలు ఇసుకలో ఎందుకు దాక్కుంటుంది?

తాబేలంటే రాయిలాంటి డిప్ప ఉంటుందని చదువుకున్నారు కదా? మరి గోదావరిలో ఒక తాబేలు వీపు తడిసిన తోలులా మెత్తగా ఎందుకుందో చెప్పండి చూద్దాం! తెలీదా? అయితే వినండి.

ఒకప్పుడు దానికీ గట్టి డిప్ప ఉండేది. మామూలు డిప్ప కాదు, బోర్లించిన గంగాళమంత! అందుకే ఏట్లో అందరూ దాన్ని డిప్పమ్మ అని పిలిచేవారు.

ఎండాకాలంలో గోదావరి సన్నబడి ఇసుక తిన్నెలు బయటపడతాయి. తాబేళ్ళు వాటిమీదికెక్కి, గుంట తీసి గుడ్లు పెడతాయి. ఎంత దూరం ఎక్కాలో వాటికో పద్ధతుంది. కిందటేడు వరద వదిలిపోయిన పుల్లలూ ఆకులూ తిన్నె మీద గీతలా ఎండి ఉంటాయి. ఆ గీత దాటి పెట్టాలి.

డిప్పమ్మ సగం దూరమే ఎక్కింది. "అబ్బా, ఈ బరువుతో ఇక నావల్ల కాదు" అని అక్కడే పదకొండు గుడ్లు పెట్టి ఇసుక కప్పేసింది.

తిన్నె మీద కాపురముండే తీతువు పిట్ట అది చూసి కేకేసింది. "ఏమే డిప్పమ్మా, బుద్ధుందా? గీత అక్కడుంటే గుడ్లిక్కడా?"

"నీకేం, ఎగిరిపోతావు! గంగాళం వీపున పెట్టుకుని ఎక్కి చూడు, తెలుస్తుంది!"

ఆ ఏడు వానలు తొందరపడ్డాయి. గుడ్లింకా పిగిలి పిల్లలు రాకముందే నీళ్ళు ఎర్రబడ్డాయి.

"వరదే! వరదే!" అని తీతువు గొంతు చించుకుంది. "గుడ్లకీ నీళ్ళకీ మధ్య పది బారలే ఉందే!"

డిప్పమ్మ గుడ్ల చుట్టూ తిరిగింది. గుడ్లు పైకి మోసుకెళ్దామంటే, దొర్లితే లోపలి పిల్లలు చచ్చిపోతాయి. వదిలేస్తే మునిగిపోతాయి. ఏటి దగ్గరికి పరుగెత్తింది.

"గోదారమ్మా, ఒక్క మూడు రోజులాగు! నా పిల్లలు బయటికొచ్చేస్తాయి!"

"నేనాగితే వెనక నీళ్ళు నన్ను తొక్కేస్తాయే తల్లీ. కొండల్లో వాన నా మాట వింటుందా?"

"అయిదు బారలే!" అని తీతువు అరిచింది.

డిప్పమ్మ ఇసుక మీద పడి ఏడ్చింది. "ఇసుకమ్మా, నువ్వైనా గట్టులా లేచి నిలబడవే!"

"నిలబడాలనే ఉంది. కానీ నీళ్ళు తగిలితే జారిపోతాను. నన్ను పట్టి ఆపేది గట్టిదేదైనా ఉండాలి. ఉందా నీ దగ్గర?"

డిప్పమ్మ తన వీపు వైపు చూసుకుంది.

"వద్దే!" అంది తీతువు. "పైన గద్ద తిరుగుతోంది. డిప్ప లేకపోతే నువ్వు వట్టి మాంసానివి!"

"జానెడే మిగిలింది. నన్ను మాట్లాడించకు!"

డిప్పమ్మ ఊపిరి బిగబట్టి వీపుమీది డిప్పని ఒక్కొక్క పలకే ఊడదీసింది. గుడ్ల చుట్టూ నిలువుగా నాటింది. ఇసుక ఎగిరొచ్చి వాటిని ఆనుకుని గట్టు కట్టింది. నీళ్ళొచ్చి ఢీకొట్టాయి. ఒక మూల కారింది. డిప్పమ్మ అక్కడ తన పొట్ట అడ్డం పెట్టింది. నీళ్ళు గట్టు అంచుదాకా వచ్చి వణికాయి. ఇప్పుడు పొంగుతాయా, ఇప్పుడు పొంగుతాయా అని మూడు పగళ్ళు తీతువు రెప్ప వేయలేదు.

నాలుగోనాడు నీళ్ళు వెనక్కి తీశాయి. పదకొండు పిల్లలూ బయటికొచ్చాయి. తల్లిలాగే వాటి వీపులూ మెత్తగా ఉన్నాయి.

అంతలో గద్ద నీడ వాటిమీద పడింది!

"రండి, నాలో దూరండి!" అంది ఇసుక. "మీ అమ్మ డిప్ప నాకిచ్చేసింది. ఇకమీదట మీ డిప్ప నేనే."

అన్నీ దూరిపోయాయి. గద్ద గోళ్ళకి ఇసుకే దొరికింది. లోపల ఊపిరాడక డిప్పమ్మ ముక్కు సాచింది, సాచింది, గొట్టమంత సాచి గాలి పీల్చుకుంది. పిల్లలూ అలాగే చేశాయి.

అప్పటినుంచే ఆ తాబేలు వీపు రొట్టెలా పలచగా, తోలులా మెత్తగా ఉంటుంది. నీళ్ళడుగున ఇసుక కప్పుకుని, పొడుగాటి ముక్కు మాత్రం బయటపెట్టి బతుకుతుంది.

ఇప్పుడు చెప్పండి, ఏట్లో ఇసుకంతా లారీలకెక్కిస్తే ఆ తల్లి దేనికింద దాక్కోవాలి? ఊడదీసివ్వడానికి ఇంకో డిప్ప లేదు దానికి. అది కనిపిస్తే పట్టుకోకండి, ఎత్తకండి. గుడ్లు పెట్టే తిన్నెని తవ్వుతుంటే చూస్తూ ఊరుకోకండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళని వెంటబెట్టుకెళ్ళి ఆపమని అడగండి. ఈరోజే అడగండి.