ఊతై అడిగిన మాట

అప్పుడెప్పుడో, దేవుడికి గుడి లేక గుడారంలోనే కొలువున్న రోజుల్లో, షిలోహు అనే ఊళ్ళో ఊతై అని ఒకడుండేవాడు. బలిపీఠం కింద బూడిద ఎత్తి ఊరవతల పోసి రావడం అతని పని. పొద్దున ఎత్తేవాడు, మధ్యాహ్నం ఎత్తేవాడు, సాయంత్రం ఎత్తేవాడు. అతన్ని ఎవరూ పలకరించేవారు కాదు. దగ్గరికెళితే తుమ్ములొస్తాయి మరి!

ఒకనాడు నయరా అనే ముసలమ్మ మేకను లాక్కుంటూ వచ్చింది. చంకలో తల్లిలేని మనవరాలు. పొరుగావిడతో పోట్లాడి, నీ గడప తొక్కితే దేవుడి మీద ఒట్టు అందట. సాయంత్రానికి పొయ్యిలోకి నిప్పు కావాల్సి వచ్చి ఆ గడపే తొక్కిందట. నోరా, వీపుకు తేకే అని ఊరికే అన్నారా! ఒట్టు తప్పితే మేకను బలివ్వాలి. మేక లేనివాళ్ళు రెండు గువ్వలు. గువ్వలూ లేనివాళ్ళు కాస్త పిండి. అదీ ధర్మశాస్త్రం.

మేక పోతే పసిదానికి పాలుండవని నయరా ఏడ్చింది. ఏడుస్తూనే తాడు యాజకుడికిచ్చింది. ఇంకోసారి మాట తప్పే ధైర్యం లేదామెకు. యాజకుడు ఇమ్మేరు మహా నియమస్థుడు. మేకుంటే మేకే అన్నాడు, కత్తి తీశాడు.

ఊతై బూడిద గంపతో అక్కడే ఉన్నాడు. నోరెత్తితే ఉన్న పని ఊడుతుంది. అయినా గంప దించాడు.

"అయ్యా, మేక ఎవరిది?"

కూతురు చనిపోతూ దాన్ని తన బిడ్డకని వదిలివెళ్ళిందని నయరా ఒప్పుకుంది.

"బలి మనసారా ఇవ్వాలని కదయ్యా ఆజ్ఞ. అయితే పసిదాన్నే అడగండి" అన్నాడు ఊతై.

ఆజ్ఞ అంటే ఇమ్మేరు కాదనలేడు. వంగి అడిగాడు. పసిది గడ్డం పట్టి పీకింది. మళ్ళీ అడిగాడు. తలపాగా లాగి పారేసింది. పోనీ ముద్దు చేద్దామని ఎత్తుకుని మూడోసారి అడిగాడు. పవిత్రమైన నారబట్టలన్నీ తడిపేసింది.

జనం పడీ పడీ నవ్వారు. ఇమ్మేరు బట్టలు మార్చుకుని వచ్చి, పసిది ఒప్పుకోలేదని తేల్చి, నయరాకు సొంతంగా ఉన్న పిండి పిడికెడు తీసుకుని పీఠం మీద వేశాడు. దేవుడు క్షమించాడు. ఊతై ఆ బూడిద కూడా ఎత్తాడు, ఆ రోజు ఎత్తుతూ పాట పాడాడు.

ఊతై పోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ అక్కడ మేకను కోయాలంటే ముందు ఇంట్లో అందరికంటే చిన్న బిడ్డ దగ్గర కూర్చుని మూడుసార్లు అడగాలట. దాన్ని ఊతై అడిగిన మాట అంటారు. ఇంతవరకూ ఏ బిడ్డా సరే అనలేదు. ఆ ఊళ్ళో మేకలన్నీ ముసలితనంతోనే పోతాయట.